నైపుణ్యము దాసోహ మగునా?

శరణ ధర్మమునందు కాయకము, దాసోహము అను రెండును జోడెద్దుల వంటివి. ఒకదానిని విడిచి రెండవది నడువదు. తన శ్రమచేత ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిలో తనకు చాలినంత ఉంచుకొని తక్కినదానిని జంగమమునకు, సంఘమునకు అర్పించుట దాసోహము. ఈ సంగతి మన పత్రికను చదువు కుటుంబములవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయితే అన్నమును, ధనమును దాసోహము చేయుటను గూర్చి మనము చెప్పుకొన్నంతగా, మనిషి చేతిలోని నేర్పును దాసోహము చేయుటను గూర్చి చెప్పుకొనలేదని నా అభిప్రాయము. తుమకూరు సిద్ధగంగా మఠమునందు అన్న, అక్షర, ఆశ్రయములను త్రివిధ దాసోహముగా చెప్పుదురు. శ్రీ శివకుమార మహాస్వామివారు (1907–2019) తమ సుదీర్ఘ జీవితమందు అక్షరమును కూడ అన్నమువలె పంక్తిలో వడ్డింపవలసిన వస్తువుగా చూపిరి. అక్షరము వడ్డింపదగినదైనచో, నలుబది ఏండ్లు ఒక వృత్తిలో పండిన అనుభవమును వడ్డింపదగినదే కావలెను గదా! ఎవరు వడ్డింపవలెను? ఎవరి సొమ్ముతో? విస్తరి ముందు కూర్చున్నవాడు అడిగినది వడ్డింపవలెనా, వడ్డించువానికి తోచినది వడ్డింపవలెనా? ఈ ప్రశ్నలు వినుటకు సులభముగా నున్నవి కాని, విచారించినకొలది లోతు కనబడును.

ఇది ఊరక కల్పించిన ప్రశ్న కాదు. ప్రపంచమున అరువది ఏండ్లకు పైబడి కొన్ని సంస్థలు ఈ పనియే చేయుచు వచ్చినవి. 1964లో అమెరికాలో, అప్పటికి చేజ్ మాన్‌హాటన్ బ్యాంకు అధ్యక్షుడుగా నుండిన డేవిడ్ రాక్‌ఫెల్లర్ మొదలగు వ్యాపార ప్రముఖులు పూనుకొని ఇంటర్నేషనల్ ఎగ్జిక్యూటివ్ సర్వీస్ కోర్ అను సంస్థను నెలకొల్పిరి. పదవీ విరమణ చేసిన కర్మాగార నిర్వాహకులను, లెక్కలలో ఆరితేరినవారిని, అమ్మకముల మెళకువ తెలిసినవారిని బీద దేశములలోని సంస్థలకు సలహాదారులుగా పంపుట దాని పని. 1967లో కెనడాలో అట్టి సంస్థ మరియొకటి వెలసెను. 1978లో నెదర్లాండ్స్ దేశమున అక్కడి యజమానుల సంఘమును, విదేశాంగ శాఖయు కలిసి పి.యు.ఎమ్. అను సంస్థను స్థాపించినవి. 1983లో జర్మనీ దేశమున బాన్ నగరమందు సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్ ఏర్పడెను. ఫ్రాన్సునందును, జపానునందును ఇట్టివి కలవు.

వీని పద్ధతిని తెలియుటకు నెదర్లాండ్స్ సంస్థను ఉదాహరణముగా గైకొందము. ఆఫ్రికాలోనో, ఆసియాలోనో ఒక చిన్న సంస్థ ఉన్నదనుకొనుడు. పండ్ల రసము తీయునది కావచ్చును. తోలు పని చేయునది కావచ్చును. డబ్బిచ్చి సలహాదారును పిలిపించుకొను శక్తి దానికి లేదు. తనకున్న చిక్కును వివరించి అర్జీ పెట్టుకొనును. ఆ పనిలో జీవితము గడపిన పెద్దమనిషి ఒకడు బయలుదేరి, సుమారు రెండు వారములు ఆ సంస్థలోనే ఉండి, యంత్రమును, లెక్కల పుస్తకమును, గిడ్డంగిని చూచి, చేయవలసినది చెప్పి వచ్చును. ఆయనకు జీతము లేదు. విమానపు టిక్కెట్టు పంపిన సంస్థ కొనును. బస, భోజనము, ఊరిలో తిరుగు బండి పిలిచినవారు చూచుకొందురు. ఈ చివరి నియమము చిన్నదిగా కనబడును గాని నాకు మిక్కిలి నచ్చినది. పుచ్చుకొనువాడు కూడ తన ఇంటి అన్నము పెట్టి, ఇచ్చువానిని తన పంక్తిలో కూర్చుండబెట్టుకొనుచున్నాడు.

ఈ నిపుణులను కోరి పిలుచు పనులలో ఎగుమతి ముఖ్యమైనది. సరకు బాగుగా తయారుచేయుట ఒక ఎత్తు. దానిని సముద్రము దాటించి అమ్ముట ఒక ఎత్తు. దూరదేశపు కొనుగోలుదారు సరకును చేతితో పట్టి చూడడు. నమూనాను, కాగితమును చూచును. నమూనాలో ఉన్నదే బస్తాలో ఉండవలెను. చెప్పిన దినమునకు ఓడ ఎక్కవలెను. పెట్టెమీద వ్రాసినదానికి, పెట్టెలో నున్నదానికి భేదముండరాదు. వెల కట్టునపుడు రవాణా, భీమా, తరుగు, బ్యాంకు రుసుము అన్నియు చేరినవో లేవో చూచుకొనవలెను. పెద్ద ఒప్పందము దొరికెనను సంతోషములో నష్టమునకు ఒప్పుకొని దివాళా తీసిన చిన్న సంస్థలు ఏ దేశమునందైనను కనబడును. ఇవి గ్రంథములలో దొరకని విద్యలు కావు. కాని గ్రంథము చదివి నేర్చుకొనుటకును, ఒకడు ప్రక్కన నిలిచి "ఇక్కడ తప్పినావు, ఇట్లు చేయుము" అని చూపుటకును ఎంత భేదమున్నదో బడిపిల్లలకు కూడ తెలియును.

మన గుంటూరు మిరపకాయ విషయము చూడుడు. ఐరోపా దేశములవారు ఎండుమిరపలో అఫ్లాటాక్సిన్ అను బూజు విషమునకు హద్దు విధించిరి; వానిలో మిక్కిలి హానికరమైన బి-1 అను రకము కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకములు కలిసి 10 మైక్రోగ్రాములు మించరాదు. ప్రత్యేకముగా హద్దు పేర్కొనని పురుగుమందుల అవశేషములు కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటరాదని సామాన్య నియమము. ఈ అంకెలు వినినచో ప్రయోగశాలలోని పండితులకే తెలియు రహస్యములని రైతు భయపడును. అయితే బూజు పుట్టుటకు కారణము మన కళ్లము మీదనే యున్నది. కాయను పచ్చి నేలమీద ఆరబోయుట, రాత్రి మంచుకు కప్పకుండుట, కాయ విరుగకుండుటకో, తూకము పెరుగుటకో నీళ్లు చల్లుట, చెమ్మ ఆరకమునుపే బస్తాలకెత్తుట! పరదా పరచి, సాయంకాలము కప్పి, గలగలలాడునట్లు ఎండబెట్టినచో విషము మొదటనే అడ్డగింపబడును. ఇంతమాత్రము చెప్పుటకు హాలండు నుండి మనిషి రావలెనా అని అడుగవచ్చును. రానక్కరలేదు. కాని ఎవరో ఒకరు వచ్చి, కోపింపక, కళ్లము మీద నిలిచి చెప్పవలెను గదా. చెప్పువారు లేనప్పుడు ఏమి జరిగినదో చరిత్రలో నున్నది.

2003 మే నెలలో ఫ్రాన్సు దేశమువారు భారతదేశపు మిరప సరకులో సూడాన్-1 అను ఎఱ్ఱరంగును కనుగొనిరి. అది నూనెలకు, మైనపు వస్తువులకు వేయు రంగు; క్యాన్సరు కలిగించునను భయముచేత ఆహారమునందు నిషిద్ధము. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో అట్టి మిరపపొడి ఒక పచ్చడి నీటిలో కలిసి, దానివలన 350కి పైగా ఆహార వస్తువులను అంగళ్లనుండి తీసివేయవలసి వచ్చెను. ఎవడో ఒక వ్యాపారి పాత సరకునకు ఎరుపు తెప్పించుటకు చేసిన పనికి, ఎండలో నిలిచి కాయ ఏరిన కూలివానివరకు అందరును అనుమానమునకు పాలైరి. అటుపిమ్మట మన సుగంధద్రవ్యముల బోర్డు ఎగుమతియగు మిరపకు పరీక్షలు తప్పనిసరి చేసెను. గుంటూరులోనే ప్రయోగశాల వెలసెను.

ఇక్కడ ఒక ధర్మసందేహము పుట్టును. నిపుణుడు వచ్చి నేర్పు మొదటి పాఠము సత్యము: నమూనా వలె సరకు, మాట వలె తూకము. కాని ఆయన దానిని సత్యమని నేర్పడు, లాభమని నేర్పును. కల్తీ చేసినచో ఓడ తిరిగివచ్చును, కాబట్టి చేయకుము అనును. బసవేశ్వరుడు కళ్యాణమున బిజ్జలుని భాండాగారమును ఏలినవాడు. లెక్కలు, తూకములు, రాజద్రవ్యము ఆయనకు కొత్తవి కావు. ఆయన అంగడివానికి చెప్పిన సత్యము పరీక్షాధికారి భయముచేత పాటింపవలసినది కాదు. అట్లనుటచేత నిపుణుని పాఠము నిష్ప్రయోజనమని నేననను. భయముతోనో, లాభాపేక్షతోనో మొదలైన శుద్ధి అలవాటై, అలవాటు స్వభావమగుట లోకమున కలదు. అయితే ఒక మాట అడుగవలసియున్నది. ఐరోపాకు పోవు బస్తాకు పరదా పరచి, మన ఊరి సంతకు పోవు బస్తాకు నీళ్లు చల్లు వ్యాపారి ఏమి నేర్చుకొన్నట్లు? పరీక్షలో తప్పిన సరకును దేశములోనే అమ్ముదురను మాట పలుచోట్ల వినబడును. మన బిడ్డల కడుపు ఇతరుల బిడ్డల కడుపుకంటె గట్టిదా?

ఇక దాసోహ విచారమునకు వత్తము. దానమునకు, దాసోహమునకు గల భేదమును పెద్దలు పలుమారులు చెప్పిరి. దానము చేయువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. ఇచ్చునది తనది కాదని, శివుని సొత్తు శివునికే చేర్చుచున్నానని తలంచును. ఈ తలంపు పలుకుటకు సులభము, నిలుపుకొనుట కష్టము. ఎంత కష్టమో చెప్పుటకు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన మోళిగ మారయ్య వృత్తాంతమే చాలును. మారయ్య కట్టెలమోపు మోసి అమ్ముకొని, వచ్చినదానితో జంగమార్చన చేయు భక్తుడు. రాజ్యము విడిచి కళ్యాణమునకు వచ్చినవాడని ఐతిహ్యము. ఆయన ఇంటలేని వేళ బసవేశ్వరుడు పోయి, ఆ ఇల్లాలు ఇచ్చిన అంబలి త్రాగి, వారి లేమిని చూచి మనసు కరగి, చెప్పకుండ బంగారమును అచ్చట ఉంచి వచ్చెను. మారయ్య వచ్చి చూచి సంతోషింపలేదు. నొచ్చుకొనెను. పాదోదకము చల్లి తన కట్టెలను బంగారముగా చేసి చూపెను.

ఈ కథలో మహిమను కాసేపు ప్రక్కన నుంచి, జరిగిన సంగతిని మాత్రము ఆలోచింతము. ఇచ్చినవాడు సామాన్యుడు కాడు. దాసోహమను మాటకు రూపమైనవాడు. ఆయన ఉద్దేశమందు లోపము వెదకుట మహాపాపము. ఆయన ఇచ్చినదియు మేలైనదే. అయినను ఆ ఈవి మారయ్యకు నొప్పి కలిగించెను. ఎందుచేతననగా, "నీ కాయకము నీకు చాలదు" అను తీర్పు దానిలో నున్నది. ఆ తీర్పును చెప్పుమని మారయ్య ఎవరిని అడుగలేదు. తన కట్టెలమోపు తనకు లేమి యని ఆయన తలంపలేదు. బసవేశ్వరుడంతటివానికే ఈ చిక్కు వచ్చినపుడు, రెండు వారములకు విమానము దిగి వచ్చు పెద్దమనిషి ఎంత జాగ్రత్తగా నుండవలెను!

అర్జీ పెట్టుకొన్నవారి యొద్దకే పోవుట అను నియమమున ఈ సంస్థలు ఆ దోషమును చాలమట్టుకు తప్పించుకొన్నవి. అడిగినవానికే ఇచ్చుచున్నారు. అది మెచ్చదగినది. కాని అడిగినవాడు అడిగినది ఒకటి, వచ్చినవానికి కనబడునది మరియొకటి యగుట సహజము. గంపలు అల్లు స్త్రీల సంఘమువారు "మా గంపలకు కొనువారిని చూపుడు" అని అడుగుదురనుకొనుడు. వచ్చినవాడు మంచివాడే. చూచి, "ఈ రంగు మా దేశమున ఎవరును కొనరు, ఈ అల్లిక మానుడు, ఒకే కొలతగల వేయి గంపలు చేయుడు" అనును. ఆ మాట వ్యాపారమునకు సరియైనదే. ఆ స్త్రీలు తమ బుద్ధిని ఉపయోగించి అల్లినంతకాలము అది వారి కాయకము. వేయి గంపలును ఎవరో పంపిన కొలత ప్రకారము అల్లునపుడు కూలి హెచ్చవచ్చును. కాని వారి పనిలో వారి పాలు ఎంత మిగిలినదో చూడవలెను. నేను ఆ మార్పు తప్పని చెప్పుట లేదు. ఆకలిగొన్న ఇంటికి రంగు పంతము కూడు పెట్టదు. నిర్ణయము మాత్రము ఆ స్త్రీలు తామే తెలిసి చేసినదై యుండవలెను. మంచి నిపుణుడు రెండు దారులను చూపి, ఒక్కొక్కదాని ఖర్చు చెప్పి, నోరు మూసికొని కూర్చుండును. ఇట్లు కూర్చుండుట చెప్పుటకంటె కష్టమని ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారందరికిని తెలియును.

వచ్చువాడు ఏ దేశమువాడో, సరకు ఏ దేశమునకు పోవునో ఆలోచించినచో మరియొక చిక్కు కనబడును. నెదర్లాండ్స్ ప్రభుత్వమే 1971లో సి.బి.ఐ. అను కార్యాలయమును పెట్టెను. బీద దేశముల సరకు ఐరోపాకు వచ్చునట్లు ఆ దేశముల వ్యాపారులకు తరిఫీదు ఇచ్చుట, ఏ సరకునకు గిరాకి యున్నదో తెలుపుట, సంతలలో కొనుగోలుదారులతో కలుపుట దాని పని. దాని నిపుణులు జీతము పుచ్చుకొనువారే, స్వచ్ఛంద సేవకులు కారు. అయినను కొనువాడే అమ్మువానికి అమ్ముట నేర్పుచున్నాడనిన చిత్రముగా లేదా? దీనిలో స్వార్థమున్నదని కొందరందురు: సరకు చౌకగా, శుభ్రముగా తన వాకిటికి వచ్చుటకే ఈ శ్రమ యని. స్వార్థము కొంత ఉండవచ్చును. బసవ ధర్మమునందు వ్యాపారము పాపము కాదు. ఇరువురికిని మేలగు బేరమును మనమెందులకు తప్పుపట్టవలెను? స్వార్థమును చెప్పి చేసినచో అది బేరము. సేవయని పేరు పెట్టి దాచినచో అప్పుడు అనుమానింపవలెను.

స్వార్థముకంటె నన్ను ఎక్కువగా కలవరపెట్టునది వేరొకటి. నేర్పు ఇచ్చినంతమాత్రమున బజారు మీద అధికారము ఇచ్చినట్లు కాదు. ఘనా దేశపు అనాస రైతుల సంగతి దీనికి నిదర్శనము. వారు స్మూత్ కాయెన్ అను రకమును పండించి ఐరోపాకు ఎగుమతి చేయుచుండిరి. చిన్న కమతముల రైతులు వేలమంది ఆ పంటమీద ఆధారపడిరి. ఇంతలో డెల్ మాంటె అను పెద్ద కంపెనీ 1996 నుండి కోస్టారికాలో పండించిన ఎం.డి.-2 అను క్రొత్త రకమును బజారులో ప్రవేశపెట్టెను. అది తీయనిది, పసుపురంగుది, చాలదినములు నిలువ ఉండునది. కొద్ది సంవత్సరములలో ఐరోపాలోని పెద్ద అంగళ్లవారు పాత రకము మాకు వద్దనిరి. 2004, 2005 సంవత్సరములనాటికి ఘనాలో చిన్న రైతుల పండ్లు కొనువారు లేక పొలములలోనే క్రుళ్లినవి. క్రొత్త రకపు పిలకలు కొని నాటుటకు పెట్టుబడి కావలెను; అది పెద్ద తోటలవారికి ఉన్నది, చిన్నవారికి లేదు. ఆ రైతులు నేర్చుకొన్నదానిలో తప్పులేదు. శ్రద్ధగా నేర్చిరి, చెప్పినట్లు పండించిరి. వారి పరీక్షలోని ప్రశ్నలే ఒకరాత్రి మారిపోయినవి.

ఈ పరిస్థితిలో నిపుణుని ధర్మమేమి? "నేను అనాస పండించుట నేర్పితిని, నా పని అయినది" అని ఆయన ఊరకుండవచ్చునా? నా మట్టుకు నేను ఊరకుండరాదనుకొందును. ఎగుమతి నేర్పువాడు ఎగుమతి ఆగినచో ఏమి చేయవలెనో కూడ నేర్పవలెను. పంటలో ఎంత పాలు దూరపు బజారునకు, ఎంత పాలు దగ్గర సంతకు. ఒకే కొనుగోలుదారు చేతికి జుట్టు ఇచ్చుటలో ప్రమాదమేమి. చెట్టును నమ్ముకొని ఇంటి ధాన్యపు చేనును ఎంతవరకు విడువవచ్చును. ఇవి లాభమును తగ్గించు పాఠములు. వీనిని నివేదికలో వ్రాసినచో ఎగుమతి పెరిగెనను సంతోషము కొంత తగ్గును. కాని కాయకము నిలుచుట ముఖ్యము. కెన్యా దేశమున నైవాషా సరస్సు చుట్టును గులాబీ తోటలు పెరిగి, ఆ పూలు ఐరోపా పూలవేలములకు పోవుచున్నవి. వేలమందికి అక్కడ జీవనోపాధి కలిగినది. అదే సరస్సునుండి నీరు తోడుటను గూర్చి జాలరులు, పశువులకాపరులు ఏండ్ల తరబడి మొరపెట్టుచున్నారు. పూలతోట యజమానికి సలహా ఇచ్చుటకు వచ్చినవానికి జాలరి అర్జీ పెట్టలేదు, నిజమే. దాసోహపు పంక్తిలో ఒకనికి వడ్డించుచు, ప్రక్కవాని విస్తరిని త్రొక్కవచ్చునా?

ఇక ఎవరి సొమ్ముతో అను ప్రశ్న. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చి జీవించువాడు. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినపుడు లక్కమ్మ అతనిని మందలించి, ఎక్కువైనదానిని తిరిగి పోసి రమ్మనెను. దాసోహమునకైనను తన కాయకపు కొలతకు మించినది పనికిరాదని ఆ తల్లి తీర్పు. ఈ గీటురాయిమీద మన నిపుణులను గీచి చూచినచో ఏమి తేలును? ఆయన ఇచ్చు కాలము, అనుభవము ఆయనవే. నలుబది ఏండ్ల కాయకపు ఫలమవి. పింఛను కూడ ఆ కాయకపు ఫలమే కాబట్టి జీతము కోరకుండ పోగలుగుచున్నాడు. అంతవరకు శుద్ధమే. కాని విమానపు టిక్కెట్టు, కార్యాలయపు ఖర్చు చాలమట్టుకు ప్రభుత్వములు ఇచ్చినవి. అమెరికాలో 1985 నాటి చట్టము క్రింద ఏర్పడిన రైతునుండి రైతుకు అను స్వచ్ఛంద సేవా పథకము యు.ఎస్.ఎయిడ్ నిధులతో నడచినది. 2025లో ఆ దేశపు ప్రభుత్వము యు.ఎస్.ఎయిడ్ పథకములను పెక్కింటిని ఆపి, జూలై 1 నాటికి ఆ సంస్థనే మూసి, మిగిలిన పనులను విదేశాంగ శాఖకు అప్పగించెను. సేవచేయుటకు సిద్ధముగా నున్నవారి మనసు మారలేదు. వారి నేర్పు తరుగలేదు. టిక్కెట్టు కొను చేయి వెనుకకు పోయినది, అంతే. వారు ఇంట కూర్చుండిరి.

ప్రభుత్వపు సొమ్ము పుచ్చుకొనుటయే తప్పని దీని అర్థము కాదు. పన్ను కట్టిన ప్రజలు కూడ తమకు తెలియకయే దాసోహము చేసినవారగుదురు. కాని తెలియక చేసినది ఎంతకాలము నిలుచును? రాజకీయపు గాలి మారినపుడు దానిని నిలుపుటకు ఎవరును ముందుకు రారు. ఇచ్చుచున్నానని ఎరుగనివాడు ఆపితినని కూడ ఎరుగడు.

ఉచిత సేవను గూర్చి మరియొక ఆక్షేపణ కలదు. దానిని క్లుప్తముగా చెప్పెదను. ఆ దేశమునందే చదువుకొని, సలహాలిచ్చి బ్రతుకు యువకుడు ఒకడు ఉన్నాడు. విదేశీయుడు ఉచితముగా వచ్చినచో ఇతనిని ఎవరు పిలుతురు? ఒకని దాసోహము వేరొకని కాయకమును పోగొట్టినచో అది దాసోహము కానేరదు. దీనికి మార్గమున్నది. వచ్చినవాడు ఆ యువకుని వెంట నిడుకొని పనిచేయవలెను. తాను పోయినపిదప పిలుపు అతనికే పోవునట్లు చేయవలెను. బోధించువాని పని పూర్తియైనదనుటకు గుర్తు, అతడు లేకుండనే పని సాగుట గదా.

ఇన్ని చెప్పియు, ఈ నిపుణుల యాత్రను నేను తక్కువ చేయుట లేదు. డబ్బు పంపి చేతులు దులుపుకొనుటకంటె, మనిషి తానే పోయి, పరాయి ఊరి అన్నము తిని, నూనె మరకల యంత్రము ప్రక్కన కూర్చుండుట దాసోహమునకు ఎంతో దగ్గర. ఉద్యోగమునుండి విరమించిన మనిషికి కాయకమునుండి విరమణ లేదను శరణుల భావమునకు వారు తెలియకయే సాక్షులు. నాకు కనబడు కొరత ఒక్కటే. నేర్పు ఎల్లప్పుడు ఒకే దిక్కుగా పారుచున్నది. ధనిక దేశమునుండి బీద దేశమునకు పోవువారి పేర్ల పట్టికలు వేలకొలది కలవు. ఘనా రైతును, చేతితో గంప అల్లు స్త్రీని, "మీకు తెలిసినది మాకు చెప్పుడు" అని పిలిచిన పట్టిక ఎంత చిన్నది! కళ్యాణమునందలి అనుభవ మంటపమున మంత్రియు, బట్టలుతుకు మడివాళ మాచయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు ఒకచోట కూర్చుండిరి. వినువారు, చెప్పువారు అని రెండు జాతులు అక్కడ లేవు. నులియ చందయ్య గడ్డి త్రాళ్లు పేనువాడు. కాయకమును గూర్చి పెద్దలకే పాఠము చెప్పినవాడు.

ఈ పనిని మనవారు చేయుటకు విదేశాంగ శాఖ అక్కరలేదు. మన మఠముల ఉత్సవములకు ఏటేట వచ్చువారిలో విద్యుచ్ఛాఖలో ముప్పది ఏండ్లు పనిచేసి విరమించినవారు, మార్కెట్ యార్డులో లెక్కలు వ్రాసినవారు, బ్యాంకు అప్పుల కాగితములు తెలిసినవారు, నూనె గానుగ నడిపినవారు, ఓడరేవులో సరకు ఎక్కించినవారు ఎందరో కలరు. అదే పంక్తిలో, అప్పడముల పరిశ్రమ పెట్టి అమ్ముకొనలేని వితంతువు, మిరపపొడికి పరీక్షాపత్రము ఎట్లు తెచ్చుకొనవలెనో తెలియని కుఱ్ఱవాడు కూర్చుండి భోజనము చేసి పోవుచున్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. దాసోహ మంటపము ద్వారముకడ ఒక పుస్తకము తెరచి యుంచినచో ఖర్చు ఏమున్నది? ఎడమ పుటలో నేర్పగలవారి పేర్లు, ఊరు, పని. కుడి పుటలో నేర్వగోరువారివి. బండి ఖర్చు నేర్పువాడు తానే పెట్టుకొనవలెను, భోజనము పిలిచిన ఇంట. వ్రాయుచు పోగా, ఒకే మనిషి పేరు రెండు పుటలలోను కనబడును. అప్పడములు చేయు ఆమెకు అమ్ముట తెలియకపోవచ్చును గాని, పిండి కలుపుట ఎవరికి నేర్పవలెనన్నను ఆమెనే పిలువవలెను గదా.